గొట్టంలో నిద్రపోయిన సింహం

మా ఆయన చొక్కా గుండీలు నేను పెట్టడం మొదలై పద్నాలుగు నెలలైంది. మొదట్లో పై గుండీ ఒక్కటే నాకు వదిలేవాడు. తర్వాత రెండు, ఆ తర్వాత అన్నీ. షౌకేయ్‌వాన్ బజారులో ముప్పై ఎనిమిదేళ్లు చేపలు కోసిన మనిషి, బతికున్న చేప కూడా ఆయన చేతిలోంచి జారి ఎరగదు. అలాంటిది ఒకరోజు పొద్దున్న కత్తి జారి కాలి పక్కన పడింది. పడినట్టు ఆయనకే తెలియలేదు. కొనడానికొచ్చిన ఆవిడ చెబితే కిందికి చూశాడు. ఆ రోజు నుంచి కత్తి నా చేతికొచ్చింది. నేను కోసిన ముక్కలు చూసి మా దగ్గర ఎప్పుడూ కొనేవాళ్లు మర్యాదకి ఏమీ అనరు.

మెడలో ఎముకలు పెరిగి నరాన్ని నొక్కుతున్నాయేమో అన్నాడు డాక్టరు. ఎక్కడ నొక్కుతున్నాయో, ఎంత నొక్కుతున్నాయో ఎమ్మారై తీస్తేనే తెలుస్తుందట. అది చూడకుండా ఆపరేషన్ చెయ్యనన్నాడు. "ఆలస్యమైతే మాత్రం చేతుల్లో పోయిన బలం తిరిగి రాదు" అని కూడా అన్నాడు. ప్రభుత్వ ఆసుపత్రి వరస సంగతి మాకు తెలియనిది కాదు. నోరు మూసుకుని వరసలో నిలబడ్డాం.

మా ఆయన పేరు మోక్ సాంగ్. బజారులో ఆ పేరు చెబితే ఎవరబ్బా అంటారు. తోక సాంగ్ అంటే చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. సింహం ఆటలో సింహం వేషం గుడ్డ కింద ముందొకడు, వెనకొకడు ఇద్దరుంటారు కదా. "తల పట్టుకున్నవాడికి పేరు, తోకలో ఉన్నవాడికి నడుం నొప్పి" అనేవాడు మా నాన్న. ఆ ఆటకి ఆయనే గురువు కాబట్టి ఆయన అంటే చెల్లేది. సాంగ్ పదిహేడో ఏట మా నాన్న దగ్గరికొస్తే, ఆ భుజాల వెడల్పు చూసి మారుమాట లేకుండా తోకలోకి తోశాడు. తల ఇంకో శిష్యుడు హోయ్‌ది. హోయ్ సన్నగా, చురుగ్గా ఉండేవాడు. నోరు కూడా అంతే చురుకు.

అలా పంతొమ్మిదేళ్లు నడుం వంచి, మెడ వంచి, చీకట్లో హోయ్ నడికట్టు రెండు చేతులా పట్టుకుని గెంతాడు మా ఆయన. ఊళ్లో ప్రతి ఉత్సవానికీ వెళ్లాడు, ఒక్కటీ చూడలేదు. థిన్ హౌ అమ్మవారి పుట్టినరోజు ఎలా జరిగిందని అడిగితే, "హోయ్ మడమలు పగిలాయి, మందు రాసుకోమని చెప్పు" అనేవాడు. ఇప్పటికీ వీధిలో అందరికంటే వెనకే నడుస్తాడు, ముందున్నవాళ్ల మడమలు చూసుకుంటూ. ఆ చీకట్లో ఆయనకి ఆధారం రెండే. ముందు హోయ్ నడుం, చెవుల్లో నా డోలు.

అవును, డోలు నాది. మా నాన్నకి కొడుకులు లేరు. నాకేమో నడక రాకముందే దరువొచ్చిందట. "ఆడది డోలు కొడితే సింహం పిల్లి అయిపోతుంది" అన్నవాళ్లు వీధికి నలుగురుండేవాళ్లు. మా నాన్న వాళ్ల మాట చెవిన పెట్టలేదు గాని, నాతో మాత్రం అన్నాడు: "వాళ్లకి ఒక్క తప్పు దొరికితే చాలు పింగ్. ఆ ఒక్కటీ చెయ్యకు." చేశాను.

ముప్పై ఒక్కేళ్ల కిందటి మాట. ఒక కొత్త హోటలు తెరుస్తున్నారు. రెండో అంతస్తు కిటికీకి ఆకుకూర కట్ట వేలాడదీశారు, సింహం దాన్ని అందుకోవాలి. హోయ్ మా ఆయన తొడల మీదికెక్కి అక్కణ్ణించి భుజాల మీదికి లేవాలి. లెమ్మని చెప్పే దెబ్బ డోలుది. కింద ఉన్నవాడి కాళ్లు కుదురుకునేదాకా ఆగి ఆ దెబ్బ వెయ్యాలి. ఆ రోజు జనం ఈలలు వేస్తున్నారు, నా చేతులు ఆగలేదు, అర దరువు ముందు కొట్టేశాను. హోయ్ లేచాడు, పడ్డాడు. తొడ ఎముక రెండు ముక్కలైంది. లోపల ఇనుప కడ్డీ వేశారు. అది ఇంకా ఆయన కాల్లోనే ఉంది.

ఆ సాయంత్రం మా నాన్న ఏమైందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన అన్నాడు: "నా చేయి జారింది గురువుగారూ." నేను తెరిచిన నోరు మూసుకున్నాను. పాపం, నిజంగానే తన చేయి జారిందనుకుంటున్నాడు అనుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. అలాంటి మాట ఒకరోజు ఆగితే బరువెక్కుతుంది, ఏడాది ఆగితే ఇక ఎత్తలేం. పిరికిదాన్ని. ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు.

హోయ్ లేచి కుంటుకుంటూ తిరిగాడు, పిల్లలకి తల ఆడించడం నేర్పాడు. మా ఆయన మళ్లీ గుడ్డ కిందికి వెళ్లలేదు. మా నాన్న ఇంకొకణ్ణి తలకి చూపిస్తే, "వాడి నడుం నాకు తెలీదు గురువుగారూ" అని తప్పుకున్నాడు. హోయ్ మాత్రం కొత్తవాళ్లెవరు కనిపించినా మా ఆయన భుజం మీద చెయ్యేసి, "వీడు సాంగ్. నా కాలు విరగ్గొట్టిన మహానుభావుడు" అని పరిచయం చేసేవాడు. అందరూ నవ్వేవాళ్లు, మా ఆయనా నవ్వేవాడు. నేను మాత్రం గిన్నెలు తియ్యడానికి లేచిపోయేదాన్ని.

మొదటిసారి స్కానుకి వెళ్లింది మూడు వారాల కిందట. బల్ల మీద పడుకోబెట్టి, మెడకి పంజరం లాంటిది తగిలించి, గొట్టంలోకి పంపిన రెండో నిమిషంలోనే ఆయన కేకలు పెట్టాడు. బయటికి తీశారు. ఎందుకు అరిచావని అడిగితే చెప్పలేదు. మా ఆయన ఎప్పుడూ అంతే, తలుపు మూసిన దుకాణం.

రెండోసారి హోయ్ కూడా మాతో వచ్చాడు. "నేను తోడుంటే వాడికి ధైర్యం" అన్నాడు, నిజానికి ఆయనకే కంగారు. ఈసారి మా ఆయన కేకలు పెట్టలేదు. పావుగంట గడిచాక స్కాను తీసే పిల్ల, యెంగ్ అని, కళ్లద్దాలు సర్దుకుంటూ వరండాలోకి వచ్చింది.

"పిన్నిగారూ, మీ ఆయన లోపల డాన్సు చేస్తున్నారు."

"ఏంటమ్మా?"

"నిజమండీ. మిషను మోగితే చాలు, మోకాళ్లు ముడుస్తున్నారు. ఒళ్లంతా కదిలిపోతోంది. ఒక్క బొమ్మ కూడా పనికిరాలేదు."

ఆమె వెనకే మా ఆయన ఆసుపత్రి గౌనులో తల వంచుకుని వచ్చాడు. "నేనేం చెయ్యను? మూడు దెబ్బలు కొట్టింది కదా" అన్నాడు.

"కొడితే?" అంది ఆ పిల్ల.

"సింహం ఆటలో మూడు దెబ్బలకి మూడు దండాలమ్మా. నేను పెట్టలేదు, కాళ్లే పెట్టేశాయి."

హోయ్ పకపకా నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. రెండు గంటలకి రావలసిన ఇంకొకాయన రానన్నాడట, ఆ అరగంట మాకిస్తానంది. "అప్పుడు కూడా కుదరకపోతే మళ్లీ వరసలో చివరికి వెళ్లాలి బాబాయ్‌గారూ. నాలుగైదు నెలలు పడుతుంది. మీ చేతులు అన్నాళ్లు ఆగవు" అంది. కఠినంగా అనలేదు, ఉన్నమాట చెప్పింది.

ఆమె వెళ్లగానే మా ఆయన గౌను ముడి కోసం తడుముకున్నాడు. "ఇంటికి పోదాం పింగ్. గుండీలు నువ్వు పెడుతున్నావుగా. ఇంకేం కావాలి?"

నాకు ఒళ్లు మండింది. "నీకంటే రెండేళ్లు పెద్దదాన్ని. ముందు నేను పోతే ఎవరు పెడతారు, ఈ హోయ్ పెడతాడా?"

"నేనెందుకు పెడతాను" అన్నాడు హోయ్. "గుండీలు విప్పుకుని తిరుగుతాడు, చేపలకి గాలి తగులుతుంది." తర్వాత మా ఆయన పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు. "అసలు ఏం భయంరా నీకు? పంతొమ్మిదేళ్లు చీకట్లో బతికినవాడివి. అదేమో లైటు పెట్టిన గొట్టం."

మా ఆయన తన అరచేతులు చూసుకున్నాడు.

"చీకటంటే భయం కాదు. ముందు ఎవరూ లేరు."

హోయ్ ఇంకా దగ్గరికి జరిగాడు. ఆయనే మళ్లీ చెప్పాడు. "ఆ పిల్ల నా చేతిలో రబ్బరు బంతి పెట్టింది. భయమేస్తే నొక్కమంది. నొక్కుతున్నానో లేదో నాకు తెలీదు హోయ్. బంతి చేతిలో ఉందో, జారి కింద పడిందో కూడా తెలీదు. అందుకే ఆ రోజు అరిచాను."

మూడు వారాలుగా ఆయన మింగుకు కూర్చున్నది ఇదన్నమాట. హోయ్ లేచి, కుంటుకుంటూ వెళ్లి ఆ పిల్ల కూర్చున్న గది తలుపు కొట్టాడు. తోడు మనిషి లోపలికి రావచ్చా అని అడిగాడు. రావచ్చంది, ఒంట్లో లోహం ఏదైనా ఉందా అని అడిగింది.

"తొడలో కడ్డీ ఉంది. పెట్టించిన మహానుభావుడు అడుగో, ఆ గౌనులో ఉన్నాడు."

"ఎప్పటిదండీ? కాయితాలేమైనా ఉన్నాయా?"

"ముప్పై ఏళ్లు దాటింది. కాయితాలు ఎలకలు తినేశాయి."

"అయితే మిషను అయస్కాంతం ఊరుకోదు, మీరు గుమ్మంలో ఉన్న ఆ గీత దాటకూడదు" అంది. హోయ్ ఆ గీత వంక అలా చూస్తూ నిలబడ్డాడు. ఆ కడ్డీ అక్కడికి చేరింది నా దెబ్బ వల్ల. హోయ్‌ని ఆ గుమ్మం దగ్గర ఆపింది కూడా నేనే.

"నేను వెళ్తాను" అన్నాను.

హోయ్ ఒక్క క్షణం ఆలోచించి చొక్కా పైకెత్తాడు. ఆ ఎర్ర నడికట్టు ఆయన ఇప్పటికీ కడతాడు, అది లేకపోతే నడుం నిలబడదంటాడు. విప్పి ఆ పిల్లకిచ్చాడు. ఆమె మూల నుంచి మూలకి వేళ్లతో తడిమి చూసింది, జరీ ఏమీ లేదు, వట్టి నూలు గుడ్డ. "వేళ్లకి తెలియకపోతే మణికట్టుకి తెలుస్తుంది" అన్నాడు హోయ్. తనే మా ఆయన రెండు మణికట్లకీ చుట్టి, మధ్యలో గుడ్డని బిగించి లాగాడు. "తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"అది నా నడుం. వదిలావో, ఈసారి రెండో కాలు కూడా విరుగుతుంది."

నన్ను లోపలికి పంపడానికి ముందు అడిగినన్ని ప్రశ్నలు మా పెళ్లప్పుడు కూడా ఎవరూ అడగలేదు. చెవిపోగులు తీయించారు, తలపిన్నులు తీయించారు, లోపలి బట్టల కొక్కేల గురించి కూడా అడిగారు. ఉంగరం రాకపోతే సబ్బు రాసి లాగాను. జుట్టు విరబోసుకుని, చెవుల్లో దూది లాంటివేవో కుక్కుకుని, దయ్యంలా తయారై మా ఆయన పాదాల దగ్గర కుర్చీలో కూర్చున్నాను.

ఆయన్ని లోపలికి పంపేముందు వంగి చెప్పాను. "ఇది నిద్ర సింహం. గుర్తుందా?"

ఆటలో ఒక ఘట్టం ఉంది. సింహం కడుపునిండా తిని పడుకుంటుంది. అప్పుడు డోలు అంచు మీద చిన్నగా గీరుతూ ఉంటాం. లోపలివాళ్లిద్దరూ ఊపిరి తప్ప ఏదీ కదలనివ్వకూడదు. పక్క వీధి బృందాలవాళ్లు కావాలనే వచ్చి తమ డోళ్లు దడదడలాడించేవాళ్లు, మా సింహం తోక అదురుతుందేమోనని. ఒక్కసారి కూడా అదరలేదు. మన డోలు లేపితేనే సింహం లేవాలి.

"ఈ మిషను పక్క వీధి వాళ్లది. ఎంతైనా కొట్టుకోనీ. మన డోలు నా చేతుల్లో ఉంది, నీ కాళ్ల దగ్గర. నేను నొక్కినప్పుడే లేవాలి. నీకు భయమేస్తే కాలి బొటనవేలు ఆడించు, నేను చూస్తూనే ఉంటాను. బంతి అక్కర్లేదు."

బల్ల కదిలింది. చివరికి నాకు మిగిలింది రెండు పాదాలు. రెండు అరచేతులతో పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

మిషను మొదలైంది. అమ్మో, అదేం మోత. దరువు తెలియనివాడు డోలు మీద పగ తీర్చుకుంటున్నట్టు కొడుతుంది. కాసేపు టకటక, కాసేపు బొంయ్‌మని రోద, మధ్యలో మూడు గట్టి దెబ్బలు. ఆ మూడు దెబ్బలకి ఆయన పిక్కలు బిగుసుకోవడం నా చేతికి తెలిసింది. మోకాళ్లు మాత్రం లేవలేదు. బొటనవేళ్లు కదల్లేదు. నేను వాటి మీద నుంచి కళ్లు తిప్పలేదు. నలభై రెండేళ్లు కాపురం చేశాను గాని ఆయన పాదాలని అంతసేపు ఎప్పుడూ చూడలేదు. ఎడమ చిటికెన వేలి గోరు రెండుగా చీలి ఉంటుందని ఆ రోజే చూశాను.

ఎంతసేపో తెలీదు, ఉన్నట్టుండి మోత ఆగిపోయింది. గది అంతా నిశ్శబ్దం. అయిపోయింది, ఇక లేపెయ్యాలి అని నా చేతులు తొందరపడ్డాయి. వేళ్లు బిగుసుకున్నాయి కూడా. సరిగ్గా అలాంటి తొందరే, ఈ చేతులదే, ఆ హోటలు ముందు. గోడకున్న అద్దాల కిటికీ వైపు చూశాను. అవతల గదిలో ఆ పిల్ల తల వంచుకుని ఏదో నొక్కుతోంది, నాకు ఏ సైగా లేదు. పళ్లు బిగించి వేళ్లు వదులు చేశాను. పది అంకెలు లెక్కపెట్టేలోపు మిషను మళ్లీ దద్దరిల్లింది. నేను నొక్కి ఉంటే ఆయన లేచేవాడు, అంతసేపటి ఓపికా గంగలో కలిసేది.

తర్వాత ఇంకో రెండుసార్లు ఆగింది. నేను ఆగాను. చివరికి తలుపు తెరుచుకుని ఆ పిల్ల లోపలికొచ్చి, నా భుజం తట్టి తల ఊపింది. అప్పుడు ఆయన పాదాలు రెండూ గట్టిగా ఒక్కసారి నొక్కాను.

బల్ల బయటికొచ్చింది. మెడ పంజరం తీశారు. మా ఆయన ముఖం ఎర్రగా ఉంది, కళ్లు మూసుకునే ఉన్నాడు.

"బాగా వచ్చాయి బాబాయ్‌గారూ, అన్నీ శుభ్రంగా వచ్చాయి" అని చెప్పి ఆ పిల్ల వెళ్లింది. నేను మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. ఆయన కళ్లు తెరిచి పైకప్పు చూస్తూ, ఏదో వంట బాగుందన్నంత మామూలుగా అన్నాడు:

"ఈసారి ముందు కొట్టలేదు."

నాకు చెవుల్లో దూది ఉందనుకున్నాను. అప్పటికే తీసేశాను.

"నీకు తెలుసా?"

"గుడ్డ కింద నాకేం కనబడుతుంది పింగ్? వినడమేగా నా పని."

"మరి నీ చేయి జారిందని ఎందుకు చెప్పావు?"

"నీ చేయి అంటే నీ చేతిలో డోలు ఉండనిచ్చేవాళ్లా? నా చేయి అంటే ఏం తీసేస్తారు, తోకేగా." మణికట్ల మీది ఎర్ర గుడ్డ వంక చూశాడు. "నువ్వు చెబుతావేమో అని చూశాను. చెప్పలేదు. సరే, బాధపడుతున్నావులే అనుకుని ఊరుకున్నాను."

ముప్పై ఒక్కేళ్లు ఊరుకున్నాడు. నేను ఆ బల్ల మీదే తల ఆనించి ఏడ్చాను. ఆయన తిమ్మిరెక్కిన చెయ్యి నా జుట్టు మీద పెట్టాడు. పెట్టినట్టు ఆయనకి తెలిసిందో లేదో నాకు తెలీదు, నాకు తెలిసింది.

వరండాలో హోయ్ నడికట్టు లేక, జారిపోతున్న ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. "వచ్చిందా?" అన్నాడు. వచ్చిందన్నాను. హోయ్‌ని లేపి నిలబెట్టి, ఆ గుడ్డ నడుముకి చుట్టి ముడి వేస్తూ, ముఖం చూడాల్సిన అవసరం లేకుండా, ఆ రోజు నేను ముందు కొట్టిన సంగతి చెప్పేశాను.

"పింగ్, వద్దు" అన్నాడు మా ఆయన వెనక నుంచి. అప్పటికే అయిపోయింది.

హోయ్ తొడ మీద చేయి వేసి, కడ్డీ ఉన్నచోట మెల్లగా రాసుకున్నాడు. మా ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. కళ్లు తడిశాయి ముసలాయనకి.

"అయితే ఇన్నేళ్లూ తప్పు మనిషిని తిట్టానన్నమాట" అన్నాడు. "అన్ని తిట్లూ పడ్డాడు చూడు, గాడిద." గొంతు సవరించుకున్నాడు. ఆ పిల్ల యెంగ్ కాయితాలు తీసుకుని అటుగా వస్తోంది. హోయ్ నా భుజం మీద చెయ్యేశాడు. "అమ్మాయ్, నీకు ఈవిణ్ణి పరిచయం చెయ్యలేదు కదూ? ఈవిడ పింగ్, మా గురువుగారి కూతురు. నా కాలు విరగ్గొట్టిన మహాతల్లి."

ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు. ఆ మాట నా మీద పడ్డాక నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ మా ఆయనకి చొక్కా తొడిగి గుండీలు పెట్టాను. కళ్లు మసకేసి ఒక కాజా తప్పించి పెట్టేశాను, చొక్కా ఒకవైపు ఎగిరి నిలబడింది. ఆయన కిందికి చూశాడు. అలాగే బస్సెక్కాడు.